కారులో పురుగులు: మందు కొట్టే ముందు వెతకాల్సినవి

కారు లోపల చిన్న పురుగులు కనబడగానే చాలామంది స్ప్రే డబ్బా తెచ్చి సీట్ల కింద కొట్టేసి, అద్దాలు బిగించి పెడతారు. రెండు రోజులు ఏమీ కనిపించవు. వారం తిరిగేసరికి మళ్లీ అవే పురుగులు. దీనికి మందు నాసిరకం కావడం కారణం కాదు. స్ప్రే తగిలేది ఆ సమయానికి బయట తిరుగుతున్న వాటికే. గుడ్లు, పిల్లలు, వాటిని పోషిస్తున్న తడి లేదా తిండి మాత్రం కార్పెట్ కింద, సీటు పట్టాల్లో, ఏసీ పెట్టెలో చెక్కుచెదరకుండా ఉంటాయి.

నిజానికి కారు పురుగులకు అంత అనువైన చోటు కాదు. పగలు ఎండకు ఉడుకుతుంది, రాత్రి చల్లబడుతుంది, తాగడానికి నీటిచుక్క దొరకదు. అలాంటి చోట ఏదైనా పురుగు వారాల తరబడి ఉండి పిల్లల్ని పెడుతోందంటే దానికి మూడింటిలో ఏదో ఒకటి అందుతున్నట్టే: ఆరని తడి, రాలిపడిన తిండి, లేదా బయటి గూటి నుంచి రోజూ వచ్చిపోయే దారి. నల్లులకు వీటిలో ఏదీ అక్కర్లేదు, సీట్లో కూర్చునే మనిషి చాలు. ఏది అందుతోందో తేలాలంటే ముందు ఆ పురుగు ఏదో తెలియాలి. ఈ ఒక్క పనిని దాటేసినవాళ్లే నెలల తరబడి మందులు మార్చుకుంటూ పోతారు.

పురుగును పట్టుకుని చూడటం

వెడల్పాటి పారదర్శకమైన టేపును పురుగు మీద అద్ది, తెల్ల కాగితానికి అంటించి, ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూస్తే చాలు. కాళ్లు 8 ఉంటే సాలీడు, పిడుదు, లేదా కంటికి సరిగా ఆనని మైట్ (ఇది మంచాల్లో ఉండే నల్లి కాదు). 6 ఉంటే సాధారణంగా కీటకం. నడుము సన్నగా, మీసాలు మోచేతిలా వంగి ఉంటే చీమ. 1 నుంచి 2 మిల్లీమీటర్ల పొడవు, లేత గోధుమరంగు, రెక్కలు లేని మెత్తటి ఒళ్లు, పెద్ద తల, పొడవాటి మీసాలు ఉంటే అది బుక్‌లైస్. పేరులోని లైస్ అంటే పేలే అయినా అది కుట్టదు, మనిషి ఒంటి మీద బతకదు. తాకబోతే ఎగిరి గంతేసి మాయమైతే స్ప్రింగ్‌టెయిల్. చదునుగా, గోధుమ ఎరుపులో, గుండ్రటి అంచుతో ఉండి, నలిపితే రక్తపు మరక పడితే నల్లి. మెడ మీద రెండు నల్లటి నిలువు గీతలతో, వేలు పెట్టేలోపు సందులోకి దూరిపోయేది జర్మన్ బొద్దింక.

రెండో పని జిగురు అట్టలు పెట్టడం. ముందు సీట్ల కింద చెరొకటి, వెనక సీటు కింద రెండు, డిక్కీలో స్టెప్నీ పక్కన ఒకటి, డ్రైవర్ పక్క సీటు కాళ్ల దగ్గర ఒకటి. డ్రైవర్ పెడళ్ల దగ్గర మాత్రం ఏమీ పెట్టకూడదు. ప్రతి అట్ట వెనక ఎక్కడ పెట్టిందీ పెన్నుతో రాసి, మూడు రాత్రులు వదిలేయాలి. పెద్ద పురుగులు ఎక్కడికైనా నడిచిపోతాయి కాబట్టి వాటిని చూసి గూడు ఎక్కడుందో చెప్పలేం. పిల్ల పురుగులు ఎక్కువగా పడిన అట్ట మాత్రం గూటికి దగ్గర్లో ఉన్నట్టే. ఆరు అట్టల్లో ఒక్కదానికే పది పిల్లలు అంటుకుంటే, కారంతా విప్పే శ్రమ తప్పి, ఆ మూల ఒక్కటి విప్పితే సరిపోతుంది.

తడి: కనబడని అసలు కారణం

బుక్‌లైస్, స్ప్రింగ్‌టెయిల్స్, బూజు తినే మైట్లు, సన్నటి నల్ల దోమల్లా ఎగిరే ఫంగస్ నాట్స్ - వీటిలో ఏది కనిపించినా మందు గురించి ఆలోచించడం అనవసరం. ఇవన్నీ బూజు మీద, కుళ్లుతున్న ఆకుల మీద బతుకుతాయి. కారులో ఎక్కడో తడి ఆరలేదని అర్థం. బుక్‌లైస్ సంగతి తీసుకుంటే, అది గాలిలోని తేమను ఒంట్లోకి పీల్చుకుని బతుకుతుంది. చుట్టూ ఉన్న గాలిలో తేమ 50 శాతం లోపు ఉంచగలిగితే ఒంట్లోని నీరు పీల్చుకున్నదాని కంటే వేగంగా పోయి, రెండు మూడు వారాల్లో ఎండి చస్తుంది. వీటిలో కొన్ని జాతులకు మగపురుగుతో పనిలేదు, ఒక్క ఆడపురుగు మిగిలినా సంతతి మళ్లీ మొదలవుతుంది. మందుతో నూటికి తొంభై తొమ్మిదింటిని చంపినా ఫలితం నిలవనిది అందుకే.

తడి ఎక్కడ ఉందో చేత్తో తడిమితే తెలియదు. కార్లలో పైన కనిపించే కార్పెట్ పలుచన, దాని కింద 2 నుంచి 3 సెంటీమీటర్ల మందాన ఫోమ్ గానీ, పీచుతో చేసిన అట్ట గానీ ఉంటుంది. పైన పొడిగా తగులుతూనే కింద అది నీరు పట్టి ఉండవచ్చు. కాళ్లు పెట్టే చోట టిష్యూ కాగితం మడిచి వేసి, మోకాలితో గట్టిగా అర నిమిషం నొక్కాలి. కాగితం తడిస్తే కింద నీరున్నట్టే. తలుపు దగ్గర కాలు మోపే ప్లాస్టిక్ పట్టీని క్లిప్పుల నుంచి ఊడదీసి, కార్పెట్ అంచు ఎత్తి వేళ్లు కిందికి పోనిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఆ నీరు వచ్చే దారులు కొన్నే. డ్రైవర్ పక్క సీటు ముందు మాత్రమే తడి, నీరు స్వచ్ఛంగా, వాసన లేకుండా ఉంటే ఏసీ నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోయింది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున ఏసీ గంటకు లీటరు దాకా నీరు కారుస్తుంది. అది రోడ్డు మీద పడకపోతే లోపలే పడుతుంది. కారు నిలిపి ఏసీ 20 నిమిషాలు నడిపి కింద చూడాలి. ఉక్కగా ఉన్న రోజున కూడా నేల మీద చుక్క పడకపోతే అనుమానం నిజమే. గొట్టం ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడ దగ్గర, కింద వైపు ఉంటుంది. ఆకుల పొడి, దుమ్ము, కొన్నిసార్లు కందిరీగ కట్టిన మట్టిగూడు దాన్ని మూసేస్తాయి. సన్నటి నైలాన్ తీగను కింది నుంచి మెల్లగా తిప్పుతూ పోనిచ్చి పూడిక తీయాలి. ఇనుప తీగ వాడితే లోపలి ఇవాపరేటర్ (గాలిని చల్లబరిచే ఏసీ భాగం) రేకులకు గుచ్చుకుంటుంది. ఆ చిల్లు పూడిక కంటే చాలా పెద్ద ఖర్చు. గట్టి ఒత్తిడితో గాలి కొట్టినా గొట్టం లోపలి కీలు ఊడే అవకాశం ఉంది.

వాన పడిన తర్వాతే తడి పెరుగుతుంటే దారి వేరు. బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉన్న నల్లటి ప్లాస్టిక్ జాలీ తీసి చూడాలి. అద్దం మీద పడిన వాన నీరంతా ఆ గుంటలోకి దిగి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. చెట్ల కింద నిలిపే కార్లలో అక్కడ ఆకులు కుళ్లి నల్లటి ఎరువులా పేరుకుని ఉంటాయి. ఫంగస్ నాట్స్ పుట్టేది ఎక్కువగా ఇందులోనే. క్యాబిన్‌లోకి గాలి పీల్చే నోరు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి, ఏసీ వేసిన నిమిషానికి డ్యాష్‌బోర్డు రంధ్రాల్లోంచి పురుగులు ఎగిరి వస్తాయి. పై అద్దం తెరుచుకునే కార్లలో దాని నాలుగు మూలల గొట్టాలు, తలుపుల అడుగున నీరు జారే చిల్లులు, డిక్కీ రబ్బరు బీడింగ్ కూడా చూడాలి. నీరు జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే అది రేడియేటర్ కూలెంట్. హీటర్ కారుతోందన్నమాట, మెకానిక్ పని.

కారణం సరిచేశాక ఆరబెట్టడం. ఇక్కడ చాలామంది సిలికా జెల్ సంచులు పెట్టి ఊరుకుంటారు. లెక్క చూస్తే అది ఎందుకు చాలదో తెలుస్తుంది. 30 డిగ్రీల వేడిలో గాలి తేమతో పూర్తిగా నిండినా ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీరే ఉంటుంది. క్యాబిన్ పరిమాణం 3 ఘనపు మీటర్లనుకుంటే మొత్తం 90 గ్రాములు. సిలికా జెల్ తన బరువులో మూడో వంతు నీరు పీల్చుకున్నా, అర కిలో సంచి 160 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. గాలిలో తేమకు అది సరిపోతుంది. కానీ కార్పెట్ కింద ఫోమ్ పట్టుకునేది గ్రాములు కాదు, లీటర్లు. కార్పెట్ ఎత్తాల్సిందే.

సీటు విప్పి కార్పెట్ ఎత్తగలిగితే పని త్వరగా అవుతుంది. సాధారణంగా ఒక్కో ముందు సీటుకు నాలుగు బోల్టులు. అయితే సీటు కింద పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వీ, ప్రమాదంలో బెల్టును బిగించే టెన్షనర్‌వీ. బ్యాటరీ నెగెటివ్ తీసి, కనీసం 10 నిమిషాలు, లేదా కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే వాటి కనెక్టర్ ముట్టుకోవాలి. కనెక్టర్ ఊడి ఉండగా తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది. ఈ పని అలవాటు లేనివాళ్లు సీటు విప్పకుండా, తలుపు పట్టీలు ఊడదీసి కార్పెట్ అంచు కింద ఒక చెక్క ముక్క దూర్చి ఎత్తి ఉంచి, ఫ్యాన్ గాలి ఆ సందులోకి పోయేలా పెట్టడం మేలు. ముందు నీరు పీల్చే వాక్యూమ్‌తో పిండగలిగినంత పిండి, తర్వాత రెండు మూడు రోజులు ఫ్యాన్ ఆపకుండా తిప్పాలి. మూసిన గది అయితే గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫయర్ కూడా. మధ్యలో మళ్లీ టిష్యూ పరీక్ష. పూర్తిగా ఆరకముందే కార్పెట్ మూసేస్తే బూజు మళ్లీ పడుతుంది.

అద్దాలు పూర్తిగా మూసి ఎండలో పెడితే తడి పోదు. ఆవిరై పైకి లేచి, రాత్రి చల్లబడగానే అక్కడికే దిగుతుంది. అద్దాలు రెండంగుళాలు దించి ఉంచాలి. నడిపేటప్పుడు ఏసీ, హీటర్ రెండూ కలిపి వేస్తే ఏసీ నీటిని లాగేస్తుంది, హీటర్ గాలిని వెచ్చబరుస్తుంది. లోపలి గాలినే తిప్పే బటన్ ఆపి, బయటి గాలి తీసుకునేలా పెట్టాలి. గమ్యానికి 5 నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపి ఫ్యాన్ మాత్రం నడిపితే ఇవాపరేటర్ ఆరుతుంది, ముక్కిన వాసన కూడా తగ్గుతుంది. చిన్న డిజిటల్ తేమ మీటరు ఒకటి సీటు కింద ఉంచితే పని ఎంతవరకు వచ్చిందో ఊహించనక్కర్లేదు.

పురుగులు పడ్డాయని కారుకు లోపల షాంపూ వాష్ చేయించడం ఈ సందర్భంలో పూర్తిగా వ్యతిరేక ఫలితం ఇస్తుంది. లోపలికి నీరు పోస్తారు, పైపైన తుడుస్తారు. బుక్‌లైస్ ఇంకా పెరుగుతాయి.

గ్లవ్ బాక్స్ వెనకున్న ఏసీ ఫిల్టర్‌ను ఇదే సమయంలో బయటికి లాగి చూడాలి. మడతల మధ్య చచ్చిన ఈగలు, విత్తనాలు, ఆకు తునకలు, ఒక్కోసారి ఎలుక చింపి పోగేసిన దూది కనిపిస్తాయి. ఆ చచ్చిన పురుగులే కార్పెట్ బీటిల్ అనే చిన్న పెంకుపురుగు పిల్లలకు ఆహారం. ఫిల్టర్ తడిగా ఉన్నా, బూజు మచ్చలున్నా దులిపి మళ్లీ పెట్టడం దండగ, మార్చేయాలి. ఫిల్టర్ పెట్టె అడుగున చేరిన చెత్తను వాక్యూమ్‌తో లాగాకే కొత్తది వేయాలి.

చీమలు

చీమలు కారులో కాపురం పెట్టడం అరుదు. చాలాసార్లు గూడు బయటే ఉంటుంది, కారు తిండి దొరికే చోటు మాత్రమే. కారును నిలిపే చోట కొమ్మ తగులుతోందా, టైరు పక్కన మట్టి పుట్ట ఉందా, గోడకు ఆనుకుని ఉందా అన్నది ముందు చూడాలి. కొన్నాళ్లు పది అడుగుల దూరంలో నిలిపి చూడటమే చవకైన పరీక్ష. చీమలు తగ్గిపోతే గూడు బయటే. రెండు రోజుల తర్వాత కూడా అంతే ఉంటే, తెల్లటి గుడ్లు మోస్తూ కనిపిస్తే, గూడు కారులోనే ఉంది. తలుపు లోపలి బోలు, వెనక లైటు వెనక సందు, డిక్కీ బీడింగ్, స్టెప్నీ గుంట వాటికి ఇష్టమైన చోట్లు.

చీమల మీద స్ప్రే కొట్టడం ఎందుకు పనిచేయదో తెలిస్తే ఆ డబ్బా పక్కన పెట్టబుద్ధవుతుంది. బయట తిరిగేవి గూటిలోని పనిచీమల్లో చిన్న వంతు. అవి చచ్చినా రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. పైగా ఒళ్లు పాలిపోయి, తల మాత్రం నల్లగా కనిపించే చిన్న చీమల గూళ్లలో అనేక రాణులుంటాయి. అవి స్ప్రేకు బెదిరి చీలిపోయి రెండు మూడు చోట్ల కొత్త గూళ్లు పెడతాయి. ఒక తలుపులో ఉన్న చీమలు వారం తర్వాత నాలుగు తలుపుల్లో కనబడటం వెనక కథ ఇదే.

పనిచేసేది నెమ్మదిగా చంపే ఎర. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల చక్కెర, అర గ్రాము నుంచి ఒక గ్రాము బోరిక్ యాసిడ్ కలపాలి. అంటే 0.5 నుంచి 1 శాతం. చిన్న కాటా లేకుండా ఈ పని చేయకూడదు, ఎందుకంటే అందరూ తప్పేది ఇక్కడే: ఇంకొంచెం ఎక్కువ వేస్తే త్వరగా చస్తాయనుకుంటారు. మోతాదు పెరిగితే పనిచీమ గూటికి చేరేలోపే చస్తుంది, లేదా ఎరను ముట్టదు. తక్కువైతేనే అది పొట్టలో మోసుకెళ్లి రాణికీ పిల్లలకూ పంచుతుంది. దూది ముక్కను ద్రవంలో ముంచి సీసా మూతలో పెట్టి, వీలైతే కారు బయట చీమల దారి పక్కన ఉంచాలి. పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకూడదు. మొదటి రోజు చీమలు గుంపులుగా వస్తాయి. ఆ గుంపును చూసి కంగారుపడి స్ప్రే కొడితే శ్రమంతా పోయినట్టే. దూది ఆరకుండా రెండు రోజులకోసారి మారుస్తూ ఉంటే ఒకటి రెండు వారాల్లో తగ్గుతాయి. తీపిని పట్టించుకోకపోతే వాటికప్పుడు కావలసింది నూనె, మాంసకృత్తులు. అలాంటప్పుడు జిడ్డు ఆధారంగా చేసిన జెల్ పెట్టాలి. చీమలు ఆగిపోయాక సబ్బునీటి గుడ్డతో వాటి దారంతా తుడిస్తే వాసన గుర్తు పోయి, కొత్తవి అదే బాట పట్టవు.

బొద్దింకలు

పెద్ద ఎర్ర బొద్దింక ఒకటి కనబడితే అది దారితప్పి వచ్చింది, తీసేస్తే సరి. చిన్న జర్మన్ బొద్దింక మాత్రం వేరే సంగతి. అది అట్టపెట్టెల్లో, పాత ఎలక్ట్రానిక్ సామానులో, సంచుల మడతల్లో దాగి కారెక్కుతుంది. ఆడది గుడ్ల తిత్తిని పొదిగే దాకా తోక దగ్గర మోస్తూనే తిరుగుతుంది. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లు. గుడ్డు పిల్లయ్యేందుకు దాదాపు నాలుగు వారాలు, పిల్ల పెద్దదయ్యేందుకు ఆరేడు వారాలు. తిత్తిలో ఉన్న గుడ్డుకు ఏ మందూ సరిగా తగలదు. కాబట్టి ఒక్క రోజులో బొద్దింకలు లేకుండా చేస్తామనే మాట నమ్మదగింది కాదు. రెండు నెలల పని ఇది.

వీటి జాడ నల్లటి పొడి చుక్కల రెట్ట. గేర్ రాడ్ చుట్టూ ఉన్న కన్సోల్ అడుగున, ఫ్యూజ్ పెట్టె మూత లోపల, మ్యూజిక్ సిస్టమ్ వెనక, సీటు పట్టాల చివర్లలో టార్చి వేసి చూడాలి. ఇంజన్ ఆపాక కూడా కాసేపు వెచ్చగా ఉండే చోట్లు వాటికి కావాలి.

మొదట వాక్యూమ్. సన్నమూతి గొట్టంతో సీటును పూర్తిగా ముందుకు జరిపి వెనక పట్టాలు, పూర్తిగా వెనక్కి జరిపి ముందు పట్టాలు లాగాలి. ఎక్కువమంది వదిలేసేది సీటు వీపూ కూర్చునే భాగమూ కలిసే మడతను, బెల్టు బకిల్ చుట్టూ ఉన్న సందును. రాలిన తిండి పేరుకునేది అక్కడే. వాక్యూమ్ సంచిని వెంటనే మూటకట్టి బయట పారేయాలి, లేకపోతే లోపలివి తిరిగి బయటికొస్తాయి. పోటీగా వేరే తిండి లేకపోతేనే బొద్దింక ఎర తింటుంది. ఈ వాక్యూమ్ పని శుభ్రత కోసం మాత్రమే కాదు, ఎర పనిచేయడం కోసం.

తర్వాత జెల్. 0.05 శాతం ఫిప్రోనిల్, 0.6 శాతం ఇండాక్సాకార్బ్, 2.15 శాతం ఇమిడాక్లోప్రిడ్ ఉన్న జెల్స్ ఈ పనికి వాడేవి. ఒక్కో చుక్క పెసరగింజంత, కారంతటికీ 10 నుంచి 12 చుక్కలు. ఒకేచోట పెద్ద ముద్ద పెట్టే కంటే ఎక్కువ చోట్ల చిన్న చుక్కలు మేలు, బొద్దింక తన దాపు నుంచి ఎక్కువ దూరం పోదు. చుక్కను నేరుగా ప్లాస్టిక్ మీద పెట్టకుండా చిన్న టేపు ముక్క మీద పెట్టి అంటిస్తే తర్వాత తీయడం తేలిక, మరక పడదు. డ్యాష్‌బోర్డు పైన ఎండ తగిలే చోట పెడితే ఎండి గట్టిపడుతుంది. కన్సోల్ లోపల, గ్లవ్ బాక్స్ వెనక, డిక్కీ పక్క ప్యానెళ్ల లోపల పెట్టాలి. చేయి తగిలే చోట ఎక్కడా వద్దు. తిన్న బొద్దింక దాపులోకి పోయి చస్తుంది, దాని రెట్టనూ కళేబరాన్నీ తిన్న పిల్లలు కూడా చస్తాయి. స్ప్రే కలిసినచోట ఈ గొలుసు తెగిపోతుంది, ఎందుకంటే చాలా స్ప్రేల వాసనకు బొద్దింకలు ఆ చుట్టుపక్కల ఎరనే వదిలేస్తాయి. రెండు వారాలకోసారి ఎండిన చుక్కలు తీసి కొత్తవి పెట్టాలి.

నల్లులు, ఎండ వేడి

ఎండలో కారు మూసి పెడితే నల్లులు చస్తాయన్నది సగం నిజం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన కొలతల్లో, 38 డిగ్రీలు దాటిన రోజుల్లో ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో సగటున గాలి 47 డిగ్రీలు, డ్యాష్‌బోర్డు 69, సీటు 51 డిగ్రీలకు చేరాయి. నీడలో నిలిపిన కార్లలో గాలి 38 డిగ్రీల దగ్గరే ఆగింది. నల్లి గుడ్డు చావాలంటే 48 డిగ్రీల్లో 70 నిమిషాలకు పైగా, 45 డిగ్రీల్లో ఏడు గంటలు పడుతుంది. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే సీటు పైభాగంలో నల్లులు చావాల్సిందే. కానీ సీటు ఫోమ్ లోపలికీ, కార్పెట్ కిందికీ ఆ వేడి అంత త్వరగా దిగదు, నల్లి నెమ్మదిగా పెరిగే వేడి నుంచి తప్పుకుని చల్లటి సందులోకి జారుకుంటుంది. ఎండ సాయం చేస్తుంది, పూర్తి చేయదు. ఎండను నమ్ముకునేవాళ్లు సీటు కింద ఒక థర్మామీటర్ పెట్టి చూసుకోవాలి. వేడి పెరిగే కారులో మనుషుల్నీ జంతువుల్నీ నిమిషం కూడా ఉంచకూడదు.

నల్లులకు సరైన పనిముట్టు ఆవిరి. మూతి దగ్గర 100 డిగ్రీలుండే స్టీమర్‌ను కుట్ల వెంబడి సెకనుకు రెండు మూడు సెంటీమీటర్ల వేగంతో కదపాలి. అంతకంటే వేగంగా పోతే వేడి లోపలికి దిగదు. మూతికి గుడ్డ చుట్టకపోతే గాలి వేగానికి నల్లులు ఎగిరి వేరే చోట పడతాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న చోట, స్విచ్‌ల మీద, స్క్రీన్ మీద ఆవిరి పట్టకూడదు. చాలా కార్లలో డ్రైవర్ పక్క సీటులో మనిషి కూర్చున్నట్టు గుర్తించే సెన్సార్ ఉంటుంది కాబట్టి దాన్ని తడిసిముద్ద చేయకూడదు. పిల్లల సీటు ఉంటే విప్పి, కవరు మాత్రమే మాన్యువల్ చెప్పినట్టు ఉతకాలి. దాని పట్టీలకూ, కారు సీటు బెల్టులకూ మందు గానీ బ్లీచ్ గానీ తగిలితే నేత బలహీనపడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కారులో నల్లి కనబడితే ఇంట్లో మంచమూ, రోజూ వాడే సంచీ వెతకాలి. అక్కడ ఉంటే కారు ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ వస్తాయి.

మిగతావి త్వరగా తేలిపోతాయి. పండు ఈగలకు సీటు కింద కుళ్లుతున్నదేదో ఉంటుంది. దాన్ని తీసేసి, వెనిగర్‌లో చుక్క గిన్నెల సబ్బు వేసి మూతలో పెడితే మిగిలినవి పడిపోతాయి. నడుస్తున్న కారులో ఒలికిపోతుంది కాబట్టి రాత్రి నిలిపాకే పెట్టాలి. ధాన్యపు పురుగులు గింజలు లేకుండా పిల్లల్ని పెట్టలేవు, డిక్కీ కార్పెట్ ఎత్తి రాలిన గింజలు లాగేస్తే అయిపోతుంది. సాలీళ్లు వేరే పురుగుల కోసం వస్తాయి, అవి తగ్గితే ఇవీ తగ్గుతాయి. వాటిని మరీ తేలిగ్గా తీసుకోవడానికీ లేదు: 2011లో మాజ్డా కంపెనీ ఉత్తర అమెరికాలో సుమారు 65,000 మాజ్డా 6 కార్లను వెనక్కి పిలిపించింది, కారణం పెట్రోలు ఆవిరి గొట్టంలో ఒక పసుపు సాలీడు అల్లిన గూడు. గాలి ఆడక ట్యాంకులో ఒత్తిడి మారి పగుళ్లు వచ్చే ప్రమాదం ఏర్పడింది. 2014లో మరో 42,000 కార్లకు అదే పరిస్థితి.

కారులో వాడకూడనివి

నొక్కితే మందంతా ఒకేసారి పొగలా చిమ్మే, గదికి వాడే ఫాగర్ డబ్బాను కారులో పేల్చడం ప్రమాదం. గది కోసం లెక్కగట్టిన మందు 3 ఘనపు మీటర్ల క్యాబిన్‌లో పడుతుంది, స్టీరింగ్ మీదా సీట్ల మీదా పొరగా పేరుకుంటుంది, సందుల్లోకి మాత్రం పోదు. దాన్ని నెట్టే వాయువు చాలా డబ్బాల్లో మండే గుణం ఉన్నదే. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు కారులో పెట్టడం ప్రాణాంతకం. గాలిలో తేమ తగిలి వెలువడే ఫాస్ఫీన్ వాయువుకు విరుగుడు లేదు. కలరా ఉండలు అని పిలిచే నాఫ్తలీన్ ఉండల ఆవిరి మూసిన కారులో పీల్చడం ఎవరికీ మంచిది కాదు, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో లోపించిన పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ వాసన ఫోమ్‌లో నెలల తరబడి ఉంటుంది. కిరోసిన్, పెట్రోలు, స్పిరిట్ చల్లడం అంటే వైర్ల పక్కన మంట పెట్టుకోవడమే. పిల్లిని కారులో తీసుకెళ్లేవాళ్లు పర్మెత్రిన్ ఉన్న మందు దరిచేరనివ్వకూడదు, పిల్లులకు అది విషం. ఓజోన్ యంత్రం వాసన తగ్గిస్తుంది గానీ సందుల్లోని పురుగుల్ని చంపుతుందని నమ్మడానికి లేదు, రబ్బరు బీడింగ్‌లను మాత్రం ముసలివి చేస్తుంది. తెల్లటి డయాటమ్ మట్టి పొడి తడిలో పనిచేయదు, ఏసీ గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి

జిగురు అట్టలు ఇందుకే మళ్లీ పెట్టాలి, అదే ఆరు చోట్ల, వెనక తేదీ రాసి. చీమలు రెండు వారాలు కనబడకపోతే చాలు. బుక్‌లైస్ విషయంలో తేమ మీటరు 50 లోపు నిలిచిన రోజు నుంచి నెల లెక్కపెట్టుకోవాలి. బొద్దింకలకు చివరి పిల్ల కనబడిన రోజు నుంచి రెండు నెలలు. మధ్యలో మూడు నాలుగు వారాలకు హఠాత్తుగా బుల్లి పిల్లలు అట్టకు పడితే ఎర విఫలమైనట్టు కాదు, పాత తిత్తి ఒకటి పొదిగినట్టు. అదే చోట తాజా జెల్ చుక్కలు రెండు పెడితే సరిపోతుంది. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు కాబట్టి కారు వాడకుండా వదిలేయడం పరిష్కారం కాదు. రెండు వారాల తేడాతో కనీసం రెండుసార్లు ఆవిరి పట్టి, సీటు కుట్లలో కొత్త నల్లటి మరకలు పడుతున్నాయేమో చూస్తుండాలి. ఏ పురుగైనా సరే, ఐదు అట్టలు ఖాళీగా ఉండి ఒక్కదానికే ఇంకా పడుతుంటే మందు మార్చనక్కర్లేదు. ఆ అట్ట ఉన్నచోట ప్యానెల్ విప్పి, కార్పెట్ ఎత్తి మళ్లీ టిష్యూ నొక్కి చూడాలి.